సంగీత్‌కి ఫైర్ షో, సర్కస్ ప్యాకేజీ: ఏది ఉంచుకోవాలి, ఏది కొట్టేయాలి

హైదరాబాద్ చుట్టుపక్కల పెళ్లిళ్లలో సంగీత్‌కి డీజే ఒక్కడితో సరిపెట్టే రోజులు పోయాయి. ఈవెంట్ వాళ్లు ఇచ్చే కొటేషన్‌లో కింద ఎక్కడో "ఫైర్ అండ్ సర్కస్ యాక్ట్స్" అని ఒక లైను ఉంటుంది. అందులో ఏమేం వస్తాయో, ఎవరు వస్తారో చాలామంది అడగరు. ఇక్కడ చూస్తున్నది అలాంటి ఒక ప్యాకేజీనే. మొయినాబాద్ వైపు ఒక ఫామ్‌హౌస్ లాన్, దాదాపు 400 మంది అతిథులు, ఐదుగురి బృందం. గేటు దగ్గర కర్రకాళ్ల మనిషి, టేబుళ్ల మధ్య జగ్లర్, మధ్యలో ఏరియల్ సిల్క్ (పైనుంచి వేలాడే గుడ్డకు చుట్టుకుని చేసే విన్యాసం), ఆఖర్న 12 నిమిషాల ఫైర్ షో. బృందం పేరు రాయడం లేదు. ఇదే సరుకును ఇవే లోపాలతో అమ్మేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు కాబట్టి పేరు చెప్పినందువల్ల చదివేవాళ్లకు ఒరిగేదేమీ లేదు.

ఒక్క ముక్కలో చెప్పాలంటే, నిప్పు తిప్పే చేతులు బాగున్నాయి, నిప్పు చుట్టూ ఉండాల్సిన ఏర్పాటు సగమే ఉంది. సిల్క్‌ని తీసేసి, నోటితో మంట ఊదనివ్వకుండా చూసుకుంటే డబ్బుకు న్యాయం జరిగే ప్యాకేజీ.

ముందు నిప్పు సంగతి. ఇద్దరు ఆర్టిస్టులు, మూడు రకాల సామాను. గొలుసు చివర మంటగుండు కట్టి రెండు చేతులా తిప్పేవి పోయిలు. న్యూజిలాండ్ మావోరీల ఆట నుంచి వచ్చాయి. తర్వాత ఇనుప చట్రంలో ఒక్కోదానికి ఐదు వత్తులున్న విసనకర్రలు. చివర్న రెండు కొసలా వత్తి చుట్టిన స్టాఫ్, అంటే మన కర్రసాము కర్రలాంటి అల్యూమినియం గొట్టం, సుమారు మనిషి భుజం ఎత్తు. వత్తులన్నీ కెవ్లార్‌వే, అంటే వేడికి తట్టుకునే కృత్రిమ నారవి. ఇది చూడాల్సిన మొదటి విషయం. పాత నూలుగుడ్డ చుట్టి ఇనుప తీగతో బిగించిన కాగడాలు ఇంకా కొందరు తెస్తున్నారు. నూలు తానే కాలిపోతుంది, తిప్పుతుంటే మండే పీలికలు ఊడి జనం మీద పడతాయి. కెవ్లార్ 450 డిగ్రీలు దాటేదాకా పాడవదు. పైగా వత్తిలో నూనె ఉన్నంతసేపూ మండేది దాని ఆవిరే, వత్తి కాదు. నూనె అయిపోవస్తుంటే మంట పొట్టిగా, ఎర్రగా మారి వత్తి అంచులు నిప్పుకణికల్లా మెరుస్తాయి. అక్కడి నుంచి కాలేది వత్తే. వీళ్ల స్టాఫ్ ఆర్టిస్టు ఆ మెరుపు రాకముందే ఆపేశాడు. ఆట తెలిసినవాడని అక్కడే తేలిపోయింది.

పోయిల్లో తెగేది వత్తి కాదు, మధ్యలో ఉండే చిన్న లింకు. గుండుకూ గొలుసుకూ మధ్య ఐ బోల్టు (తలకు రింగున్న బోల్టు), గొలుసుకూ చేతి పట్టీకీ మధ్య స్వివెల్ (గొలుసు మెలిపడకుండా తిరిగే ముక్క), వీటిని కలిపే స్క్రూ లింకు (మరతో బిగించే లింకు). తాళంచెవుల రింగు లాంటి చుట్టురింగు వాడితే వేడికి మెత్తబడి, తిప్పే ఊపుకు నోరు తెరుచుకుంటుంది. ఇక ఆ గుండు మండుతూనే ఎటో పోతుంది. ఈ బృందం గొలుసు వైపు స్క్రూ లింకులే వాడింది. కానీ ఒక జతకు చేతి పట్టీ దగ్గర బ్యాగులకు ఉండే కొక్కెం కనిపించింది. అది మార్చాల్సిందే. షోకి ముందు మీరే వెళ్లి చూడొచ్చు, తప్పులేదు. ఒక చేత్తో గుండు, ఇంకో చేత్తో పట్టీ పట్టుకుని గట్టిగా లాగి చూపించమనండి. పని తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు.

నూనె దగ్గర ఈ బృందానికి సగం మార్కులే. వాడింది తెల్ల కిరసనాయిలు. అది సరైన ఎంపికే. పెట్రోలు సున్నాకు 40 డిగ్రీలు దిగువన కూడా అంటుకునేంత ఆవిరి ఇస్తుంది. పెయింట్ థిన్నర్లలో చాలావరకూ తేలిగ్గా అంటుకునేవే. కిరసనాయిలుకు కనీసం 35 డిగ్రీలు కావాలి. కాబట్టి డబ్బా ఒలికినా భగ్గుమనదు, చల్లటి నూనె అయితే. ఈ చివరి మాటను వైశాఖ మాసం పెళ్లిళ్లలో మర్చిపోతారు. మధ్యాహ్నమంతా ఎండలో డీసీఎం వ్యాను వెనక పెట్టిన డబ్బాలో కిరసనాయిలు 40 దాటి ఉంటుంది. అప్పుడు దాన్ని పెట్రోలులా భయపడుతూనే ముట్టుకోవాలి. నీడలో, తడి గోనెపట్టా కప్పి ఉంచాలి.

వీళ్లు ఆ నూనెను తెచ్చింది లీటరు మినరల్ వాటర్ బాటిళ్లలో! తెల్ల కిరసనాయిలు చూడ్డానికి నీళ్లలాగే ఉంటుంది. క్యాటరింగ్ వాళ్లు అవే బాటిళ్లు టేబుళ్ల మీద పెడుతున్న చోట, పిల్లలు పరిగెడుతున్న చోట, స్టేజీ పక్కన నూనె బాటిల్ పెట్టడమంటే దానికి మాటల్లేవు. కిరసనాయిలు కడుపులోకి పోవడం కన్నా పొరపాటున ఊపిరితిత్తుల్లోకి జారడం ప్రమాదం. ఎవరైనా తాగితే వాంతి చేయించకూడదు, చేయిస్తే మళ్లీ అదే దారిలో ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నేరుగా ఆసుపత్రికే. ఒప్పందంలో ఒక వాక్యం రాయించుకోండి: నూనె ఇనుప డబ్బాలో, బిగిసే మూతతో, మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి ఉండాలి.

ముంచే పద్ధతి మాత్రం చక్కగా ఉంది. వెడల్పు మూతి డబ్బాలో వత్తిని ముంచి, బుడగలు ఆగేదాకా ఉంచి, పైకి తీసి డబ్బా మీదే కారనిచ్చారు. ఆ తర్వాత పక్కకు వెళ్లి ఇంకో డబ్బాలో గట్టిగా విదిలించారు. ఈ విదిలింపే అసలు పని. ఇది మానేస్తే మొదటి చుట్టులోనే మండే చుక్కలు గుండ్రంగా ఎగురుతాయి. ఫొటోల్లో అవి అందంగానే ఉంటాయి, పట్టుచీరల మీద పడితే తెలుస్తుంది. అరచేతిలో పట్టేంత గుండ్ల జత ఒకసారి ముంచితే కిరసనాయిలుతో మూడు నాలుగు నిమిషాలు మండుతుంది. కాబట్టి 12 నిమిషాలంటే ముంచడాలు, మార్చడాలు చాలానే ఉంటాయి. ఆర్పిన వత్తి వేడి తగ్గకముందే మళ్లీ నూనెలో ముంచితే డబ్బా పైన ఆవిరి అంటుకుంటుంది. అందుకే మంచి బృందాలు ఒక్కో రకం సామాను రెండు జతలు తెచ్చుకుంటాయి. వీళ్లకు పోయిలు రెండు జతలున్నాయి, విసనకర్రలు ఒక జతే. రెండోసారి విసనకర్రలు ముంచడానికి తొందరపడ్డారు. డబ్బా అంటుకోలేదు, అదృష్టం.

ఇక సేఫ్టీ మనిషి. ఐదుగురిలో ఒక్కరిదే ఆ పని. ఒక ఆర్టిస్టు చేతిలో నిప్పు ఉన్నప్పుడు ఒకరు, ఇద్దరి చేతుల్లో ఉంటే ఇద్దరు ఉండాలి. చేతిలో తడిపి పిండిన నూలు దుప్పటి, కాళ్ల దగ్గర ఫైర్ ఎక్స్‌టింగ్విషర్, కళ్లు ఆర్టిస్టు మీద. ఫోన్‌లో వీడియో తీస్తూ నిలబడే సేఫ్టీ మనిషి లేనట్టే లెక్క. దుప్పటి నూలుదే అయి ఉండాలి. పాలిస్టర్ తువ్వాలు కరిగి ఒంటికి అంటుకుపోతుంది. మనిషి బట్టలు అంటుకుంటే ముందు దుప్పటి కప్పి మంటకు గాలి అందకుండా చేయాలి, ఎక్స్‌టింగ్విషర్ తర్వాత. డబ్బాలో నూనె అంటుకుంటే మూత పెట్టాలి. దాని మీద నీళ్లు పోస్తే నూనె నీళ్ల మీద తేలుతూ మంటను ఇంకా పరుస్తుంది. పక్కన బకెట్ల నిండా నీళ్లు పెట్టి "అన్నీ రెడీ సార్" అనేవాళ్లకు ఈ తేడా తెలియదన్నమాట. ఇసుక బకెట్లు పెట్టమనండి.

స్థలం విషయంలో ఈ బృందానికి మంచి మార్కులే. ఈవెంట్ మేనేజరు వెనక నెట్ గుడ్డ, థర్మాకోల్ అక్షరాలు, ప్లాస్టిక్ పూలు ఉన్న మెయిన్ స్టేజీ మీదే చేయమన్నాడు. "అన్నా, అక్కడ కాదు, కింద లాన్‌లో చేస్తాం, లేదంటే పోయిలు తీసేస్తాం" అని వాళ్లు ఖరాఖండిగా చెప్పేశారు. ఆర్టిస్టు చుట్టూ 6 మీటర్ల వెడల్పున ఖాళీ వలయం, ఆ గీత నుంచి జనానికి ఇంకో 5 మీటర్లు, తల పైన షామియానా, సీరియల్ లైట్లు ఏమీ లేకుండా ఖాళీ ఆకాశం. ఇది కనీసం. వలయాన్ని ముగ్గుపిండితో గీశారు, చవకైన మంచి ఉపాయం. కానీ తాడు కట్టలేదు. గీత పిల్లలకు ఆట, ఫొటోగ్రాఫర్లకు అసలు కనిపించదు.

ఫొటోగ్రాఫర్ల గురించి విడిగా చెప్పాలి. మన పెళ్లిళ్లలో వాళ్లను ఆపగలిగినవాడు ఇంకా పుట్టలేదు. గింబల్ (కెమెరా ఊగకుండా పట్టే పిడి) పట్టుకుని వెనక్కి నడుస్తూ వలయంలోకి వచ్చేస్తారు, స్క్రీన్ మీదే చూపు, వెనక స్టాఫ్ కొస తిరుగుతుంటుంది. షోకి ముందు ఆర్టిస్టు, ఫొటోగ్రఫీ టీమ్ పెద్ద, డీజే ముగ్గురూ రెండు నిమిషాలు నిలబడి మాట్లాడుకోవాలి. కెమెరా ఎక్కడ ఉంటుంది, ఆగమని సైగ చేస్తే పాట ఎవరు ఆపుతారు, ఆ సమయంలో పేపర్ బ్లాస్టర్ కొట్టకూడదు. ఆ ఆఖరిది చిన్న విషయంలా కనిపిస్తుంది. ఈ షోలో క్లైమాక్స్ బీట్‌కి డీజే అలవాటు కొద్దీ రంగు కాగితాలు కొట్టాడు. గాలి అటువైపు ఉండబట్టి అవి పక్కకు పోయాయి. గ్యాస్ బెలూన్లు ఉంటే ఇంకా ఘోరం. హీలియం ఖరీదని హైడ్రోజన్ నింపి అమ్మేవాళ్లు ఉన్నారు. దానికి నిప్పు తగిలితే పేలుతుంది. ఫైర్ షో ఉన్న రోజున గ్యాస్ బెలూన్లు వద్దు, అంతే.

చూపు పరంగా ఒక మాట. వెనక ఎల్‌ఈడీ వాల్ వెలుగుతుంటే మంట వెలవెలబోతుంది. వీళ్ల మొదటి నాలుగు నిమిషాలు అలాగే వృథా అయ్యాయి. తర్వాత ఎవరో వాల్ ఆపించాక విసనకర్రల మంట గడ్డి మీద నీడలు పరిచింది, జనం ఫోన్లు దించి చూశారు. లాన్ లైట్లు, వాల్, షార్పీలు (కాంతి కిరణాలు తిప్పే స్టేజీ లైట్లు) అన్నీ ఆపేసి, నడిచే దారుల్లో మాత్రం చిన్న లైట్లు ఉంచాలి. నిడివి 12 నిమిషాలు ఎక్కువ. ఎనిమిది నిమిషాలు దాటాక అందరి చూపూ డిన్నర్ కౌంటర్ల వైపే ఉంది. కౌంటర్లు గాలివాలున ఉంటే కిరసనాయిలు పొగ బిర్యానీలో కలుస్తుంది. ఈ తప్పు ఇక్కడ జరిగింది. గాలి ఎటు వీస్తోందో చూసుకుని వలయం గీయాలి. జెండా గుడ్డ ఫెళఫెళ కొట్టుకునేంత గాలి ఉంటే ఆ రోజుకు నిప్పు లేదనుకోవాలి.

నోటితో మంట ఊదడం ప్యాకేజీలో లేదు. డీజే మైకులో అడిగితే, జనం అరిస్తే, ఒక ఆర్టిస్టు చేశాడు. దీనికి మార్కులు కోసేయాలి. ఆ నూనె చుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే కొన్ని గంటల తర్వాత దగ్గు, జ్వరం, గుండెల్లో నొప్పితో మొదలై న్యుమోనియా అవుతుంది. గాలి తిరిగితే ముఖం మీదికే మంట వస్తుంది. మామూలు తెల్ల కిరసనాయిలుతో చేయడం ఇంకా అన్యాయం. మీ ఇంటి పెళ్లిలో అడగకండి, అడగనివ్వకండి. కాంట్రాక్టులో "ఫైర్ బ్రీతింగ్ వద్దు" అని రాస్తే ఆర్టిస్టుకూ వద్దనడానికి ఒక సాకు దొరుకుతుంది.

ఇక సర్కస్ వైపు. గేటు దగ్గర కర్రకాళ్ల మనిషి ఈ సాయంత్రానికి హైలైట్. ప్యాంటు నేల దాకా దిగి, అడుగు తడబడకుండా నడిచాడు. పిల్లలకు చేయి అందించడానికి నడుం వంచకుండా మోకాళ్లే వంచాడు. నేర్చుకున్నవాళ్లు అలాగే వంగుతారు. అతనికి కావలసినవి రెండే, ఈవెంట్ వాళ్లు రెండూ మర్చిపోయారు. గట్టి నేల ఒకటి. సాయంత్రం నీళ్లు పెట్టిన లాన్‌లో కర్రల కొస దిగిపోతుంది. సిమెంటు దారి మీదే నడిపించాలి, జనరేటర్ కేబుళ్లు అడ్డం లేకుండా చూడాలి. రెండోది కూర్చునే చోటు. కట్టుకోవడానికైనా, ఊపిరి తీసుకోవడానికైనా కుర్చీ పనికిరాదు, నడుమెత్తు అరుగు కావాలి. డీసీఎం డాలా తెరిచి పెడితే చాలు. అరగంటకు మించి ఒక్క దఫాలో నడిపించకండి. పక్కన ఒక మనిషి తోడు నడవాలి. మన బంధువుల్లో కర్ర పట్టుకుని లాగి చూసే బాబాయి ఒకరు తప్పకుండా ఉంటాడు.

జగ్లర్ మూడు బంతులతో టేబుళ్ల మధ్య బాగానే నెట్టుకొచ్చాడు. ఐదు బంతులు గాలి లేని చోటే పని చేస్తాయి. అతని దగ్గర గాజులా మెరిసే యాక్రిలిక్ గుండు కూడా ఉంది, చేతి మీద జారుతూ గాల్లో నిలిచినట్టు కనిపిస్తుంది. రాత్రికి పరవాలేదు. అదే మనిషిని పగటి హల్దీకి పిలిస్తే ఆ గుండును ఎండలో ఎక్కడా వదిలేయవద్దని చెప్పండి. అది భూతద్దంలా పనిచేసి కింది గుడ్డను కాలుస్తుంది.

ఏరియల్ సిల్క్ దగ్గర ఈ బృందాన్ని గట్టిగా తప్పుపట్టాలి. అమ్మాయి ఆట బాగుంది, వేలాడదీసిన చోటు బాగాలేదు. లైట్లు కట్టడానికి గోల్‌పోస్టులా నిలబెట్టిన లోహపు చట్రానికే (ట్రస్) గుడ్డ కట్టారు. 55 కిలోల మనిషి చుట్టుకున్న గుడ్డలోంచి ఒక్కసారిగా జారి ఆగితే ఆ క్షణంలో కొక్కెం మీద పడే భారం ఆమె బరువుకు మూడు నాలుగు రెట్లు దాటుతుంది. అందుకే ఈ పని తెలిసిన రిగ్గర్లు (వేలాడదీసే సామాను కట్టేవాళ్లు) వేలాడదీసే పాయింటు దాదాపు 900 కిలోలు ఓర్చాలని అడుగుతారు. లైట్ల ట్రస్‌ను నిలబెట్టినవాళ్లు పక్కకు ఊగే భారం లెక్క వేయరు. రెండో జారుడుకు కాళ్ల దగ్గర బేస్‌ప్లేట్లు కదలడం ముందు వరుసలో కూర్చున్నవాళ్లకు కనిపించింది. హైడ్రా క్రేన్ తెప్పిస్తాం అని కొందరు చెబుతారు. అది సరుకు ఎత్తడానికి చేసిన బండి, మనిషిని వేలాడదీయడానికి కాదు. సొంత నాలుగుకాళ్ల రిగ్ (గుడ్డ వేలాడదీసే స్టాండు), కింద ఒక అడుగు మందం పరుపు తెచ్చే బృందం అయితేనే సిల్క్ పెట్టుకోండి. అది నైలాన్ గుడ్డ. ఫైర్ షోకీ, కోల్డ్ పైరోకీ (స్టేజీ మీద రవ్వలు చిమ్మే మెషీన్) దూరంగా, ముందుగా కానిచ్చేయాలి.

బుక్ చేసేటప్పుడు అడగాల్సినవి ఇంకొన్ని. ఆర్టిస్టులందరికీ 18 నిండాయా అని ఆధార్ చూసి మరీ తేల్చుకోండి. సర్కస్‌లలో పిల్లలను పెట్టుకోవడం కుదరదని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది. 2016 బాలకార్మిక చట్ట సవరణ వినోద రంగంలో పిల్లలకు మినహాయింపు ఇస్తూ సర్కస్‌ను మాత్రం అందులోంచి తప్పించింది. నిప్పు వాడతామని హాలు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా ఒప్పుకోలు తీసుకోండి. లోపలి హాళ్లలో చాలా చోట్ల ఒప్పుకోరు, ఒప్పుకోకపోవడమే మంచిది. లౌడ్‌స్పీకర్లకు రాత్రి 10 గంటలతో సరి కాబట్టి ఫైర్ షోను 9 లోపు పెట్టండి. మన సంగీత్‌లు గంట ఆలస్యం కావడం మామూలే, ఆ గంటంతా నూనె మూతలు తీసి పెట్టుకుని కూర్చోకూడదు.

ఇంటివాళ్లకు ఒక్క సూచన. వలయం దగ్గర ముందు వరుసలో నెట్, జార్జెట్ లెహంగాలు, పొడుగు చున్నీలు వద్దు. కాలితే 20 నిమిషాలు కుళాయి కింద చల్లటి నీళ్లు పోయాలి, ఒంటికి అంటుకున్న గుడ్డను లాగకూడదు, టూత్‌పేస్టు, పసుపు, వెన్న ఏదీ రాయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

ఇదే డబ్బుకు ఇంకో దారి కూడా ఉంది. గోదావరి జిల్లాల వైపు వీరనాట్యం బృందాలు కర్పూరం వెలిగించిన వీరభద్ర పళ్లెం చేతుల మీద పెట్టుకుని, మంట ఆరేదాకా ఆడతాయి. కర్రసాము వాళ్లలో కొసలకు నిప్పు పెట్టి తిప్పేవాళ్లూ ఉన్నారు. డప్పులతో ఊరేగింపులో ఇవి పోయిల కన్నా మన పెళ్లికి అతుకుతాయి. నిప్పు జాగ్రత్తలు మాత్రం వాళ్లకూ ఇవే వర్తిస్తాయి.

మొత్తానికి, కర్రకాళ్లకు, జగ్లర్‌కు, స్థలం ఎంపికకు అయిదుకు నాలుగు. ఫైర్ షోకి మూడు. రెండో సేఫ్టీ మనిషి, ఇనుప డబ్బాలు, రెండు జతల విసనకర్రలు వస్తే అదీ నాలుగు. ఏరియల్ సిల్క్‌కి ఒకటి. అడ్వాన్స్ సగం ఇవ్వండి. మిగతా సగం వత్తులు చల్లారి, మిగిలిన నూనె, దాన్ని తుడిచిన గుడ్డలు వాళ్ల బండెక్కాకే ఇవ్వండి. ఈ బృందం వెళ్లిపోయాక లాన్ అంచున సగం నిండిన మినరల్ వాటర్ బాటిల్ ఒకటి మిగిలిపోయింది.